చేతులు కట్టుకునే మాస్టారు

నాకు నోరెక్కువ. ఇంటా బయటా అందరూ అనే మాటే ఇది, ముందే ఒప్పేసుకుంటే గొడవ ఉండదు. నేను కోప్పడినవాళ్ళు చాలామంది ఉన్నారు. నా చేత చీవాట్లు తిని కూడా నాకు మేలు చేసిన మనిషి మాత్రం ఒక్కడే. ఆయన గురించి చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

నేను దుప్పట్లు, కర్టెన్లు అచ్చేసే కార్ఖానాలో డిజైన్లు గీస్తాను. పువ్వు గీయడం ఎవరికైనా వస్తుంది. బట్ట మీద పువ్వు వేరు. కుడి అంచు దగ్గర తెగిపోయిన ఆకు ఎడమ అంచు దగ్గర మళ్ళీ మొదలవ్వాలి. పై అంచులో సగం కనబడ్డ మొగ్గ కింది అంచులోంచి పూర్తవ్వాలి. అప్పుడే ఎంత పొడుగు బట్ట అచ్చేసినా అతుకు కనబడదు. దానికోసం నేను కాగితం మధ్యలో బొమ్మ వేసి, నిలువుగా రెండు ముక్కలు కోసి, కుడిది ఎడమకీ ఎడమది కుడికీ మార్చి అతికిస్తాను. ఇప్పుడు ఖాళీ అంతా మధ్యకొస్తుంది. దాన్ని ఆకులతో, తీగలతో నింపుతాను. తర్వాత అడ్డంగా కోసి మళ్ళీ అదే పని. ఒక్కో రంగుకీ ఒక్కో ట్రేసింగ్ కాగితం. జుట్టు నెరిసేదాకా చేసింది ఇదే.

ఉండేది తమ్ముడి ఇంట్లో. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి ఒక్కొక్కళ్ళకీ ఒక్కో కారణం చెప్పాను, ఇప్పుడు అసలు కారణమేదో నాకే గుర్తులేదు. తమ్ముడు నోట్లో నాలుక లేనివాడు. వాడి వాటా కూడా కలిపి మరదలే మాట్లాడుతుంది. మా ఇద్దరికీ రోజూ పడదు, ఒకరు లేకపోతే ఇంకొకరికి అన్నం సయించదు.

కార్ఖానా పెద్దాయన పోయాక కొడుకు చేతికి పెత్తనం వచ్చింది. నిక్కరేసుకుని నా రంగు గిన్నెల్లో వేళ్ళు ముంచి నా చేత తిట్లు తిన్న పిల్లాడే. ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఆంటీ, కొత్త మెషిన్ వస్తోంది. దానికి కాగితం పనికిరాదు, కంప్యూటర్ ఫైలే ఇవ్వాలి. మీరు నేర్చుకుంటే ఈ కుర్చీ ఎప్పటికీ మీదే. లేదంటే ఒక ఆపరేటర్‌ని పెట్టుకోవాలి. నన్ను తిట్టకండి."

తిట్టాను. తిట్టినంత మాత్రాన మెషిన్ రావడం ఆగుతుందా? ఆ కుర్చీ కిటికీ పక్కన ఉంటుంది, వెలుతురు నేరుగా కాగితం మీద పడుతుంది. అది పోతే జీతం పోతుంది, సరే. పొద్దున్నే లేచి తల దువ్వుకోవడానికి కూడా నాకు వేరే కారణం లేదు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నేను ఏడవడం తమ్ముడు ఎప్పుడూ చూడలేదు, పాపం, కంగారుపడి గబగబా లేచి ఫ్యాను వేశాడు.

ముందు ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. గది నిండా కుర్రకారు. పాఠం చెప్పేవాడు "ఫైల్ నొక్కండి" అన్నాడు. నేను కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకునేసరికి అందరూ ఎక్కడికో వెళ్ళిపోయారు. పక్కన కూర్చున్న అమ్మాయి జాలిపడి, "ఇటివ్వండి ఆంటీ" అని నా మౌస్ లాక్కుని టకటకా ఏదో చేసి తిరిగిచ్చింది. ఏం చేసిందో ఆ అమ్మాయికి తెలుసు, ఆ మౌస్‌కి తెలుసు, నాకే తెలీదు. రోజూ ఇదే తంతు. చివరికి సంచీ తీసుకుని వచ్చేశాను.

అప్పుడు మరదలు చెప్పింది. "వదినా, నాకు బట్టలు కుట్టే టైలరమ్మ ఉంది చూడు, వాళ్ళాయన ఇదే పని చేస్తాడట. బొమ్మలేసేవాళ్ళ ఇళ్ళకెళ్ళి కంప్యూటర్ నేర్పుతాడు. ఒకసారికి ఒక్కళ్ళకే."

"ఒక్కొక్కళ్ళకి నేర్పితే ఆయనకేం మిగులుతుంది?"

"ఏమీ మిగలదనే ఆవిడ గోల. నెలజీతం తెచ్చే ఉద్యోగమేదైనా చూసుకోమని మొత్తుకుంటూనే ఉంటుంది. వింటేగా!"

మర్నాడు సాయంత్రం మాస్టారు వచ్చాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడేమో, పొడుగ్గా, బక్కగా, చంకలో సంచీతో ఉన్నాడు. నేర్చుకోవడానికని కొన్న కంప్యూటర్‌ని నేను ముందుగదిలో బల్ల మీద పెట్టి, దుమ్ము దులిపి, సిద్ధంగా ఉంచాను. ఆయన దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"మీరు కాగితం మీద ఎలా గీస్తారో ఒకసారి చూడాలమ్మా," అన్నాడు.

"ఏమండీ మాస్టారూ, నేను మిమ్మల్ని నేర్పమని పిలిచానా, నేర్చుకోమని పిలిచానా?"

"ముందు నేను నేర్చుకుంటాను. తర్వాత మీరు."

ఒళ్ళు మండింది. అయినా గీశాను. కోశాను, అతికించాను, ట్రేసింగ్ కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచాను. ఆయన స్టూలు మీద కూర్చుని సాయంత్రమంతా చూశాడు. మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, ఎరుపు కాగితం తీసేసినా ఆకుపచ్చది చెదరదు కదా అని. చెదరదన్నాను. చాలా సంతోషంగా లేచి వెళ్ళిపోయాడు. మరదలు తలుపేసి వచ్చి, "వదినా, ఈయన నీకు బాగా సరిపోయాడు, ఇద్దరికీ తిక్కే," అంది.

రెండోసారి వచ్చినప్పుడు కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టాడు. తను స్టూలు పక్కకి లాక్కుని, రెండు చేతులూ కట్టుకుని, అరచేతులు చంకల్లోకి దోపుకున్నాడు. పాఠం అయ్యేదాకా ఆ చేతులు బయటికి రాలేదు. నేను తప్పు నొక్కినా, బొమ్మ మాయమైనా, మౌస్ బల్ల మీంచి కింద పడ్డా, నోటితో చెప్పడమే.

"కొంచెం చేసి చూపిస్తే మీ సొమ్మేం పోతుంది?" అని అరిచాను.

అప్పుడు చెప్పాడు. ఆయన ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాడట. నెగటివ్‌ల మీద సన్న పెన్సిల్‌తో మొహాల మచ్చలు, ముడతలు దిద్దే పని. కంప్యూటర్ వచ్చాక ఆయనకి నేర్పడానికి ఒక ఆపరేటర్‌ని పెట్టారు. ఆ ఆపరేటర్ మంచివాడేనట. కానీ స్టూడియోలో ఎప్పుడూ తొందరే. తొందరైనప్పుడల్లా, "ఇటివ్వండి, నేను చేసేస్తాను" అనేవాడు.

"ఏడాది తిరక్కుండా నా కుర్చీలో ఆయన కూర్చున్నాడు. నేను పక్కన స్టూలు మీద. తర్వాత గదిలో చోటు చాలడం లేదని స్టూలు కూడా తీసేశారమ్మా," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి తనంతట తనే కుస్తీపట్టి నేర్చుకున్నాడట. బొమ్మలేసేవాళ్ళు తనలా బయటపడకూడదని ఇలా ఇంటింటికీ తిరుగుతున్నాడు. ఇదంతా వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పి, "ఇప్పుడు కొత్త లేయర్ తీయండి," అన్నాడు.

లేయర్ అంటే ఏమిటో ఆయన నాకు చెప్పలేదు. "ఎరుపు కాగితం ఇది. దీని మీద ఆకుపచ్చ కాగితం పరచండి," అన్నాడంతే. ఎరుపు తీసేసి చూశాను. ఆకుపచ్చ చెదరలేదు. ఓరి నాయనో, ఇది నా పనే! కోసి అతికించే పని కూడా అందులో ఉంది, కత్తెర లేకుండా, జిగురు లేకుండా. బొమ్మని సగానికి జరిపితే అంచులన్నీ తమంతట తామే మధ్యకొచ్చి నిలబడ్డాయి. "ఈ ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే నాకింత బెంగ ఉండేదా?" అని ఆయన్నే కసిరాను. నాకు మాత్రం ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

ఒక్కొక్కళ్ళకి ఒక్కో దారిన చెప్పేవాడు. మట్టిబొమ్మలు చేసే ఒకాయనకి మొదటి పాఠం బొమ్మని తెర మీద గిరగిరా తిప్పడమట, అక్షరాలు రాసే ఇంకొకాయనకి నెలదాకా రంగు పేరే ఎత్తలేదట. అందుకే ఇద్దర్ని కలిపి కూర్చోబెట్టడు. నాతోనూ అంతే ఓపిక. ఒకసారి నీలం రంగు నింపాక నేను మౌస్ వదిలేసి ఊరికే కూర్చున్నాను. ఆయనా ఏమీ అనకుండా కూర్చున్నాడు. కొంతసేపయ్యాక మెల్లగా, "ఆరిందామ్మా?" అని అడిగాడు. చచ్చాననుకోండి! తడి ఆరేదాకా ఆగే అలవాటు చేతికి ఉండిపోయింది, కంప్యూటర్ రంగు ఆరడమేమిటి నా బొంద. మరదలు వంటింట్లోంచి విని పడీ పడీ నవ్వింది. వారమంతా ఇంట్లో ఏ పని చెప్పినా "ఆరాక చేస్తా వదినా" అనడమే.

ఇంతలో కార్ఖానాకి కొత్త మెషిన్, నా బల్ల మీదికి ఒక కంప్యూటర్ వచ్చాయి, వాటితోపాటే ఒక పెద్ద హోటల్ వాళ్ళ కర్టెన్ల ఆర్డరూ వచ్చింది. అరచెయ్యంత మందారాలు కావాలన్నారు. ఆ వారం మాస్టారు రాలేదు, వాళ్ళావిడకి జ్వరం. సరే, నాకు అన్నీ వచ్చేశాయి కదా అని సొంతంగా మొదలుపెట్టాను. ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. పుప్పొడి చుక్కల్తో సహా గీశాను. గీశాక, నేనెప్పుడూ చేసే పనే, స్కేలు తీసి కొలిచాను. తెర అద్దం మీదే స్కేలు ఆనించి, ఈ రేకు చివర నుంచి ఆ రేకు చివరకి. సరిగ్గా అరచెయ్యంత. ఫైల్ పంపేసి హాయిగా పడుకున్నాను.

మర్నాడు పొద్దున కార్ఖానాకి వెళ్ళేసరికి పిల్ల యజమాని నమూనా బట్ట చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆంటీ, ఇవి మందారాలా, ఆవగింజలా?"

బట్ట నిండా చొక్కా గుండీలంత పూలు. పుప్పొడి చుక్కలు ఏమయ్యాయో భగవంతుడికే తెలియాలి. నేను గీసేటప్పుడు చూపు ఆనడానికి బొమ్మని తెర మీద పెద్దది చేసుకున్నాను కదా, ఆ పెద్దదాన్నే కొలిచాను. కాగితం మీద పువ్వు ఎంత కనబడితే అంతే ఉంటుంది. తెర మీద ఎంత కనబడాలంటే అంత కనబడుతుంది. బతుకంతా కాగితం మీద గీసినదానికి ఆ అనుమానమే రాలేదు.

"రేపు పొద్దున హోటల్ వాళ్ళు వస్తున్నారు. ఆపరేటర్‌ని పెట్టుకుంటానని అప్పుడే అంటే నన్ను తిట్టిపోశారు," అన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి నాకు తలకొట్టేసినట్టయింది. మాస్టారికి ఫోన్ చేశాను. ఏం జరిగిందో సగమే చెప్పగలిగాను. ఆయన వెంటనే బస్సెక్కి వచ్చాడు.

వస్తూనే బట్ట చూశాడు. "తెరకి కొలత ఉండదని నేను ముందే చెప్పాల్సింది బాబూ. తప్పు నాది," అన్నాడు యజమానితో. తర్వాత నా కుర్చీ పక్కన స్టూలు వేసుకుని చేతులు కట్టుకున్నాడు.

బొమ్మని పెద్దది చేసి చూస్తే అంచులన్నీ తడిసిన సిరాలా అలుక్కుపోయాయి. దాన్ని పలచగా చేసి అడుగున పెట్టుకుని, పైన కొత్త లేయర్ పరిచి, ప్రతి రేకూ మళ్ళీ గీయాలి. ట్రేసింగ్ పనే. నాకు వచ్చిన పనే. కానీ కంగారులో వచ్చిన పని కూడా రాదు. ఒక రేకు గీసేసరికి పొద్దెక్కింది. యజమాని లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు.

"మాస్టారూ, మీరు కూర్చుంటే చిటికెలో అయిపోతుంది. ఆంటీ, కాస్త లేవండి."

నేను లేవబోయాను కూడా. మాస్టారు కదల్లేదు. "ఆమే చేస్తారు బాబూ," అన్నాడు.

"టైం లేదండీ!"

"ఆమే చేస్తారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇక్కడ నా పొట్ట మీద దెబ్బ పడుతుంటే చేతులు కట్టుకుని చోద్యం చూస్తారా? మీకసలు మనసనేది ఉందా, లేక అది కూడా చంకలో దోపుకున్నారా?" అని అందరి ముందూ అరిచేశాను. మెషిన్ దగ్గరివాళ్ళు కూడా ఆగి చూశారు. ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, నా అరుపు అయ్యేదాకా ఆగి, "ఆ రేకు కింది నుంచి మొదలుపెట్టండమ్మా. మీరు కాగితం మీద ఎప్పుడూ కింది నుంచే గీస్తారు," అన్నాడు.

నిజమే. నేను రేకు ఎప్పుడూ తొడిమ వైపు నుంచి పైకి లాగుతాను. ఆ సంగతి నాకే తెలీదు. మొదటి సాయంత్రమంతా కూర్చుని చూసిన మనిషికి తెలుసు. కింది నుంచి లాగాను, గీత నిలబడింది. ఇంకోటి లాగాను. ఆ తర్వాత భోజనానికి కూడా లేవలేదు. ఆయనా లేవలేదు. మధ్యమధ్య "ఊఁ" అనేవాడు, ఎక్కడైనా తడబడితే ఒక్క మాట చెప్పేవాడు. ఫైల్ పంపే ముందు కొలత ఎక్కడ చూడాలో అడిగి, అంకె నేనే చదివి, నేనే పంపాను.

దీపాలు వేసే వేళకి మెషిన్‌లోంచి బట్ట బయటికొచ్చింది. పువ్వు మీద నా చెయ్యి ఆనించి చూశాను. సరిపోయింది. అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు. యజమాని బట్టని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, గుండె మీద చెయ్యేసుకుని నవ్వాడు. ఆ సంతోషంలోనే మాస్టారి వైపు తిరిగాడు.

"మాస్టారూ, పొద్దున్నుంచీ చూస్తున్నాను, మీకు ఇది కరతలామలకం. మీరే ఇక్కడ చేరిపోండి. నెలజీతం ఇస్తాను. ఆంటీ ఇంట్లోనే కాగితం మీద గీసి పంపుతారు, అవసరమైనప్పుడు పిలుద్దాం. ఆవిడకీ ఈ తిప్పలు తప్పుతాయి."

వాడిలో కుట్ర లేదు. మంచే చేస్తున్నాననుకున్నాడు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. నెలజీతం కోసం టైలరమ్మ ఎంతగా మొత్తుకుంటోందో నాకు తెలుసు, జ్వరంతో కూడా కుట్టుమిషన్ తొక్కిందనీ తెలుసు. పైగా పొద్దున అందరి ముందూ ఆయన్ని అన్న మాటలు ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి. తీసుకుంటానంటే తప్పుపట్టడానికి నాకు నోరెక్కడిది?

మాస్టారు స్టూలు మీంచి లేచి సంచీ అందుకున్నాడు.

"ఆ కుర్చీ ఖాళీగా లేదు కదా బాబూ," అన్నాడు.

"అది కాదు మాస్టారూ..." అన్నాడు యజమాని.

"ఆ బట్ట మీద నా చెయ్యి పడిన గీత ఒక్కటైనా ఉందా? మీకు కావలసిన మనిషి మీ దగ్గరే ఉన్నారు."

యజమాని బట్ట వంకా నా వంకా చూశాడు. "రేపు హోటల్ వాళ్ళతో మీరే మాట్లాడాలి ఆంటీ, పెందలాడే రండి," అన్నాడు. అలా నా కుర్చీ నాకు మిగిలింది.

బస్‌స్టాప్ దాకా ఆయన వెంట నడిచాను.

"మీకు ఆ ఉద్యోగం అవసరం కదండీ," అన్నాను చివరికి.

"అవసరమే," అన్నాడు. "మా ఆవిడకి మాత్రం చెప్పకండమ్మా. మీ మరదలికి కూడా. ఆవిడకి చెబితే మా ఆవిడకి చెప్పినట్టే."

బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు. నాకు ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. నా కుర్చీ కోసం వాళ్ళింట్లో జీతం వదులుకుంటే, ఆ సంగతి ఆ ఇల్లాలికి తెలియకుండా నేను సుఖంగా ఎలా కూర్చుంటాను? హోటల్ వాళ్ళ పని అవగానే నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారు ఎవరికో పాఠం చెప్పడానికి వెళ్ళాడు. ఇరుకు గది, గుట్టలుగా బట్టలు, మధ్యలో మిషన్ ముందు ఆవిడ. తిడితే పడదామని నిలబడే మొత్తం చెప్పేశాను.

ఆవిడ తొక్కడం ఆపి, నోట్లో పెట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి మెత్త మీద గుచ్చింది.

"స్టూడియోలో స్టూలు తీసేసిన రోజు ఈయన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే పలకలేదు, అన్నం పెడితే ముట్టలేదు. ఎన్నాళ్ళో అలాగే," అంది. "నెలజీతం తెమ్మని నేను గోల పెట్టేమాట నిజమే. కానీ ఇంకో ఇంట్లో మనిషి అలా పడుకునేలా చేసి తెచ్చిన జీతమైతే, నేను గడప దాటనిచ్చేదాన్ని కాదు."

ఇన్నాళ్ళూ నా అదృష్టం ఒక్కడి మంచితనమనుకున్నాను. ఆ గదిలో నిలబడి వలవలా ఏడ్చేశాను. ఆవిడ లేచి, కుట్టాల్సిన బట్టలు పక్కకి జరిపి, నాకు కూర్చోవడానికి చోటు చేసింది. నేను ఆవిడ చేతులు రెండూ పట్టుకుని, "మీ ఇద్దరి చలవే," అన్నాను.